తగ్గిపోయిందిగా అని ఊరుకోవద్దు



మెడ అనగానే మన ఆడవాళ్ళకు ముందుగా గుర్తుకొచ్చేది నగ. మంగళసూత్రాల గొలుసు, నల్లపూసలు, పండక్కి పెట్టుకునే కాసులపేరు. ఆ గొలుసుల వెనకాల, లోపల ఏముందో మనకు ఎప్పుడూ తోచదు. రాత్రింబవళ్ళు ఒక్క క్షణం ఆగకుండా మెదడుకు నెత్తురు చేరవేసే ధమనులు నాలుగు అక్కడున్నాయి. వాటిల్లో దారి మూసుకుపోతే మాట పడిపోవచ్చు, చెయ్యీ కాలూ పడిపోవచ్చు. అదే పక్షవాతం. అయితే అలా పడిపోయే ముందు కొందరికి ఒక హెచ్చరిక వస్తుంది. పది నిమిషాలుండి వెళ్ళిపోతుంది. వెళ్ళిపోయింది కదా అని మనం మళ్ళీ పనిలో పడిపోతాం. ఈవేళ నేను చెప్పబోయేది ఆ పది నిమిషాల గురించి, దాని వెనకనున్న మెడ ధమని గురించి, ఆ ధమనికి చేసే ఆపరేషను గురించి.

ముందు ఆ దారులేమిటో చూద్దాం. గుండెలో నుంచి పైకి లేచి గొడుగు పిడిలాగా వంపు తిరిగే పెద్ద ధమని ఒకటుంది. దాన్ని బృహద్ధమని అంటారు. ఆ వంపు మీద నుంచే తలకూ చేతులకూ కొమ్మలు వెళతాయి. మెడ ముందువైపు ఎక్కే రెండు కొమ్మల్ని కెరోటిడ్ ధమనులంటారు. మన పాఠ్యపుస్తకాల్లో గ్రీవా ధమనులని రాస్తారు. ఎడమవైపుది ఆ వంపు నుంచే నేరుగా బయలుదేరుతుంది. కుడివైపుది మాత్రం కుడిచేతికి వెళ్ళే ధమనితో కలిసి ఒకే మొదలుగా లేచి, కాస్త పైకి వెళ్ళాక విడిపోతుంది. ఆ తరువాత రెండూ ఒకేలా గొంతుకు అటొకటి ఇటొకటి పైకి సాగుతాయి.

మీ గొంతుకు పక్కగా, దవడ మూలకు కాస్త దిగువన రెండు వేళ్ళు మెల్లగా ఆనించి చూడండి. నాడి కొట్టుకోవడం తెలుస్తుంది. అదే కెరోటిడ్ ధమని. ఒక్క జాగ్రత్త. ఒకవైపే తాకాలి, గట్టిగా నొక్కకూడదు. రెండువైపులా ఒకేసారి ఎప్పుడూ నొక్కకూడదు. ఎందుకంటే ఆ చోటులో రక్తపుపోటును కనిపెట్టి చూసే ఒక చిన్న ఉబ్బు ఉంటుంది. దాన్ని నొక్కితే పోటు పెరిగిందనుకుని అది గుండె వేగాన్ని తగ్గించేస్తుంది. కొందరు వయసు మళ్ళినవాళ్ళు బిగుతు కాలరు తొడుక్కుని తల పక్కకు తిప్పినప్పుడు కళ్ళు తిరిగి పడిపోవడానికి ఇదీ ఒక కారణం. అసలు కెరోటిడ్ అనే పేరే మైకం, గాఢనిద్ర అనే అర్థమున్న గ్రీకుమాట నుంచి వచ్చింది. ఇక్కడ నొక్కితే మనిషి సొమ్మసిల్లుతాడని ప్రాచీనులకు తెలుసన్నమాట.

మనవాళ్ళూ ఈ చోటును చిన్నచూపు చూడలేదు. సుశ్రుతసంహితలో చెప్పిన 107 మర్మస్థానాల్లో మెడలోని నాళాలకు ప్రత్యేకంగా చోటుంది. నీల, మన్య అని నాలుగింటిని, మాతృకలని ఎనిమిదింటిని పేర్కొన్నారు. నీల, మన్యలకు దెబ్బ తగిలితే మాట పోతుందనీ, గొంతు మారుతుందనీ, మాతృకలకు తగిలితే ప్రాణమే పోతుందనీ రాశారు.

దవడ కింద ఈ ధమని చెట్టుకొమ్మలాగా రెండుగా చీలుతుంది. ఒక పాయ బయటివైపుది. అది ముఖానికి, నాలుకకు, తలమీది చర్మానికి నెత్తురు ఇస్తుంది. కణత దగ్గర వేలికి తగిలే నాడి ఆ పాయ తాలూకు చివరి కొమ్మల్లో ఒకటి. రెండో పాయ లోపలిది. దీని తీరు వేరు. మెడలో ఇది ఎవరికీ ఏమీ పంచదు. నేరుగా పుర్రెలోకి పోయి, అక్కడ కంటికి ఒక కొమ్మనిచ్చి, తక్కిందంతా మెదడుకు సమర్పించుకుంటుంది. కన్నూ మెదడూ ఒకే పాయ మీద ఆధారపడ్డాయన్న సంగతి గుర్తుంచుకోండి. ఇంకాసేపట్లో దానితో పని పడుతుంది.

ఇక మిగిలిన రెండు ధమనులు మెడ వెనకవైపు ఉంటాయి. మెడలోని వెన్నుపూసల పక్కన చిన్న చిన్న రంధ్రాలుంటాయి. పూసల్లో దారం గుచ్చినట్టు ఈ ధమనులు ఆ రంధ్రాల గుండా ఒకదాని తరువాత ఒకటిగా దూరి పైకి పోతాయి. మెదడు వెనకభాగానికి ఇవే దిక్కు. ముందువాటి నుంచీ వెనకవాటి నుంచీ వచ్చిన కొమ్మలు మెదడు అడుగున ఒకదానితో ఒకటి కలిసి వలయంలాగా ఏర్పడతాయి. ఇంగ్లండు దేశపు వైద్యుడు థామస్ విల్లిస్ 1664లో తన గ్రంథంలో దీన్ని వివరంగా వర్ణించాడు. అందుకే దానికి విల్లిస్ వలయమని పేరు. ఒక దారి సన్నబడితే తక్కిన దారుల నెత్తురు ఈ వలయం గుండా తిరిగి రావడానికి వీలుంది. కొందరికి మెడలో ఒక ధమని పూర్తిగా మూసుకుపోయినా ఏమీ తెలియకపోవడానికి కారణం ఇదే. కాని ఈ వలయం అందరిలోనూ నిండుగా ఉండదు. కొందరిలో ఒక ముక్క సన్నగా ఉంటుంది, కొందరిలో లేనేలేదు.

ఇన్ని ఏర్పాట్లు ఎందుకంటారా? మెదడు బరువు మన శరీరం బరువులో నూటికి 2 వంతులే. కాని అది వాడుకునే ప్రాణవాయువు నూటికి 20 వంతులు. నిమిషానికి దాదాపు ముప్పాతిక లీటరు నెత్తురు దానికి అందుతూ ఉండాలి. దాచుకోవడం దానికి చేతకాదు. మన వంటింట్లో బియ్యం డబ్బాలాంటిది మెదడుకు లేదు. ఏ పూటకాపూట కాదు, ఏ క్షణానికాక్షణం తెచ్చుకోవలసిందే. సరఫరా నిలిచిపోతే కొద్ది నిమిషాల్లోనే కణాలు చావడం మొదలవుతుంది.

ఇప్పుడు జబ్బు సంగతికి వద్దాం. ధమని రెండుగా చీలిన చోట నెత్తురు ప్రవాహం సాఫీగా ఉండదు, సుడి తిరుగుతుంది. రక్తపుపోటు, చక్కెర జబ్బు, పొగాకు, నెత్తురులో చెడు కొవ్వు ఎక్కువగా ఉండటం, పైబడే వయసు - ఇవన్నీ కలిస్తే ఆ చీలిక దగ్గర ధమని గోడ దెబ్బతిని, గోడ లోపలి పొరలో కొవ్వు చేరడం మొదలుపెడుతుంది. వంటింటి తూము గొట్టంలో జిడ్డు పట్టినట్టు అని చెబుతుంటారు గాని, పూర్తిగా అలా కాదు. జిడ్డు గొట్టానికి లోపల పైపైన అంటుకుంటుంది. ఇది గోడలోనే పుండులాగా ఊరుతుంది. కొన్నేళ్ళకు సున్నం చేరి గట్టిపడుతుంది. దారి సన్నబడుతుంది.

దారి సన్నబడటం కన్న పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. ఆ ఊరిన చోట పైపొర పగిలితే దానిమీద నెత్తురు గడ్డకడుతుంది. ఆ గడ్డలోంచి ఒక చిన్న తునక ఊడి, ప్రవాహంలో కొట్టుకుపోయి, మెదడులోని ఏ సన్నటి నాళంలోనో ఇరుక్కుంటుంది. అప్పుడు ఆ నాళం పోషించే భాగం పని చెయ్యడం మానేస్తుంది. తునక చిన్నదైతే కాసేపటికి కరిగిపోతుంది, మనిషి మామూలైపోతాడు. పెద్దదైతే కరగదు.

నేను మొదట చెప్పిన పది నిమిషాల హెచ్చరిక ఇదే. డాక్టర్లు దీన్ని టి.ఐ.ఎ. అంటారు. తాత్కాలికంగా వచ్చి పోయే పక్షవాతమని మనం చెప్పుకోవచ్చు. ఎలా ఉంటుందంటారా? అన్నం కలుపుతుంటే చెయ్యి ఉన్నట్టుండి పట్టు తప్పుతుంది. గరిటె జారిపోతుంది. మూతి ఒక పక్కకు లాగుతుంది. మాట ముద్దగా వస్తుంది, లేకపోతే ఒకటి అనబోయి ఇంకొకటి అంటారు. ఇంకో రకముంది. ఒక కంటికి పైనుంచి తెర దించినట్టు చూపు మసకబారి, కాసేపటికి మళ్ళీ తేటపడుతుంది. నొప్పి ఉండదు. నొప్పి లేకపోవడమే మనల్ని మోసం చేస్తుంది.

ఇక్కడ ఒక తమాషా ఉంది. మెదడు ఎడమభాగం శరీరపు కుడివైపును నడుపుతుంది, కుడిభాగం ఎడమవైపును. అందుకని ఎడమ కెరోటిడ్ పాడైతే పట్టు తప్పేది కుడిచెయ్యి. మనలో ఎక్కువమందికి మాటకు సంబంధించిన కేంద్రం కూడా ఎడమభాగంలోనే ఉంటుంది కనుక మాటా తడబడుతుంది. కాని చూపు పోయేది మాత్రం ఎడమకన్నే. ఎందుకంటే కంటి కొమ్మ అదేవైపు పాయలోంచి వచ్చింది, ఇందాక చెప్పుకున్నాం గదా. కాబట్టి డాక్టరు అడిగినప్పుడు ఏ చెయ్యి, ఏ కన్ను, ఎంతసేపు అన్నది సరిగ్గా చెప్పగలిగితే సగం రోగనిర్ణయం అయినట్టే.

ఇలాంటిది జరిగితే మన ఇళ్ళల్లో ఏమంటాం? గాలి సోకిందంటాం. నరం పట్టిందంటాం. ఉపవాసం చేసింది, నీరసమంటాం. ఆడవాళ్ళ విషయంలో అయితే మరీను. ‘పొద్దుటినుంచీ పొయ్యి దగ్గరే నిలబడింది, కాసేపు పడుకుంటే అదే సర్దుకుంటుంది’ అంటారు. నిజంగానే సర్దుకుంటుంది కూడా. కాని ఇలా వచ్చి పోయిన తరువాత అసలు పక్షవాతం వచ్చే ప్రమాదం మొదటి కొద్దిరోజుల్లోనే అన్నిటికన్న ఎక్కువ. నెలాఖరుకు చూద్దాం, అమావాస్య వెళ్ళనీ, పెద్దవాడు ఊరినుంచి రానీ అనుకునేంత వ్యవధి అందులో లేదు.

అందుకని ఏం చెయ్యాలో వరసగా చెబుతాను. లక్షణం కనిపించగానే గడియారం చూసి సమయం గుర్తుపెట్టుకోండి. నిద్రలేచేసరికే అలా ఉంటే, ఆఖరుసారి మామూలుగా ఉన్నది ఎప్పుడో గుర్తు చేసుకోండి. 108కి ఫోను చెయ్యండి. స్కానింగు ఉన్న ఆస్పత్రికి వెళ్ళండి. గడ్డను కరిగించే ఇంజెక్షను సాధారణంగా మొదటి నాలుగున్నర గంటల లోపల ఇవ్వాలి. తగ్గిపోయినా సరే, ఆరోజే చూపించాలి. నోట్లో నీళ్ళుగాని, కాఫీగాని, మాత్రలుగాని వెయ్యొద్దు. మింగడం సరిగ్గా లేకపోతే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆస్పిరిన్ మంచిదట కదా అని మీరే ఇచ్చెయ్యకండి. పక్షవాతం గడ్డవల్ల వచ్చిందా, మెదడులో నాళం చిట్లి వచ్చిందా అన్నది స్కానింగులోనే తెలుస్తుంది. చిట్లిన దానికి ఆస్పిరిన్ ఇస్తే చేటు. ఇక పావురం నెత్తురు పూస్తే తగ్గుతుందని చెప్పేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. దానివల్ల పావురమూ దక్కదు, సమయమూ దక్కదు.

ఇలా వచ్చి పోయే దాడులకు మూలం మెడలో ఉండవచ్చునని చాలామంది వైద్యులు గుర్తించడానికి ఎంతో కాలం పట్టింది. మెదడు జబ్బు కదా అని ఎక్కువమంది మెదడులోనే వెతికేవారు. 1927లో పోర్చుగల్ వైద్యుడు ఎగాస్ మోనిజ్ కెరోటిడ్ ధమనిలోకి రంగుమందు ఎక్కించి ఎక్స్‌రే తియ్యడం మొదలుపెట్టాక, బతికున్న మనిషిలో ఈ దారులు కంటికి కనిపించాయి. 1951లో కెనడా వైద్యుడు మిల్లర్ ఫిషర్ పక్షవాతానికీ మెడలో మూసుకుపోయిన ధమనికీ ఉన్న సంబంధాన్ని స్పష్టంగా రాసి, ఏనాటికైనా శస్త్రవైద్యులు దీనికి దారి కనిపెడతారని ఆశపడ్డాడు. ఆయన ఎంతో కాలం ఎదురుచూడవలసి రాలేదు. 1953 ఆగస్టులో అమెరికాలోని హ్యూస్టన్‌లో మైకేల్ డిబేకీ 53 ఏళ్ళ బస్సు డ్రైవరుకు మెడలోని ధమనిని తెరిచి శుభ్రం చేశాడు. ఆ మనిషి ఆ తరువాత మరో 19 ఏళ్ళు బతికాడు.

మనకు ఇంకా దగ్గరగా తోచే కథ లండనులో 1954 మే నెలలో జరిగింది. ఆమె 66 ఏళ్ళ గృహిణి. ఒకపక్క చెయ్యీ కాలూ పట్టు తప్పడం, తిరిగి రావడం - అయిదారు నెలల వ్యవధిలో ఇలా 33 సార్లు జరిగింది. సెయింట్ మేరీస్ ఆస్పత్రిలో ఈస్ట్‌కాట్, పికరింగ్, రాబ్ అనే ముగ్గురు వైద్యులు ఆమెను పరీక్షించి, ధమని చీలిక దగ్గరే రోగముందని తేల్చారు. ఆపరేషను జరుగుతున్నంతసేపూ మెదడుకు నెత్తురు తగ్గుతుంది, మరి దాన్నెలా కాపాడటం? చల్లబడ్డ మెదడుకు ప్రాణవాయువు తక్కువ సరిపోతుంది కనుక, ఆమె శరీరాన్ని మంచుతో 28 డిగ్రీల సెంటీగ్రేడు దాకా చల్లబరిచారు. పాడైన ముక్కను కోసి తీసేసి, బాగున్న రెండు కొసల్నీ కలిపి కుట్టారు. ధమనిని మూసి ఉంచింది 28 నిమిషాలు. ఆమె కోలుకుంది. ఆ సంవత్సరమే నవంబరులో ‘లాన్సెట్’ పత్రికలో అచ్చయిన ఆ వృత్తాంతంతోనే ప్రపంచంలో చాలామంది శస్త్రవైద్యులకు ధైర్యం వచ్చింది. 33 సార్లు తగ్గిపోయిన జబ్బును తగ్గిపోయిందిగా అని వదిలెయ్యకపోవడమే ఆ కథలో గొప్ప.

ఇప్పుడు మంచుతో పని లేదు. పరీక్ష కూడా సులువు. కడుపుతో ఉన్నప్పుడు పొట్టమీద జెల్లీ రాసి స్కానింగు చేస్తారు చూడండి, మెడమీద కూడా అలాగే చేస్తారు. దాన్ని డాప్లర్ పరీక్ష అంటారు. సూదీ లేదు, నొప్పీ లేదు. ధమని ఎంత సన్నబడిందో, నెత్తురు ఎంత వేగంగా పోతోందో అందులో తెలుస్తుంది. ఆపరేషను అవసరమనిపిస్తే రంగుమందు ఎక్కించి సి.టి. గాని, ఎం.ఆర్. గాని తీస్తారు. డాక్టరు మెడమీద స్టెతస్కోపు పెట్టి వింటే కొందరిలో గరగరమని చప్పుడు వినిపిస్తుంది. వినిపించలేదు కదా అని ధమని బాగున్నట్టు కాదు. ఇంకొక మాట. మెడనొప్పికీ ఈ సన్నబడటానికీ సంబంధం లేదు. ఊరికే తల తిరిగినంత మాత్రాన కూడా ఇదే అనుకుని బెంగపడనక్కర్లేదు.

మరి ఆపరేషను ఎవరికి? ధమని దారిలో నూటికి 50 వంతుల కన్న తక్కువ మూసుకుంటే ఆపరేషనువల్ల లాభం లేదు, మందులే మంచివి. పూర్తిగా నూటికి నూరు వంతులూ మూసుకుపోతే సాధారణంగా చెయ్యరు. 70 నుంచి 99 వంతుల దాకా మూసుకుని, పైన చెప్పిన లక్షణాలు కూడా కనిపించినవాళ్ళకు అన్నిటికన్న ఎక్కువ లాభం. 50కీ 70కీ మధ్యలో ఉంటే లాభం కొంచెమే, మనిషినిబట్టి నిర్ణయిస్తారు. 1991లో వెలువడిన ఉత్తర అమెరికా పరిశోధనలో ఇలా 70 వంతులకు పైగా మూసుకున్నవాళ్ళలో, కేవలం మందులే వాడిన నూరుమందిలో 26 మందికి రెండేళ్ళ లోపల ఆ ధమని వైపు పక్షవాతం వచ్చింది. ఆపరేషను చేయించుకున్నవాళ్ళలో, ఆపరేషను వల్ల వచ్చినవి కూడా కలుపుకుని, నూటికి 9 మందికే వచ్చింది.

ఇంతకన్న ముఖ్యమైన సంగతి 2004లో తేలింది. ఇలాంటి పరిశోధనలు కొన్నిటిని కలిపి చూస్తే, లక్షణం కనిపించిన రెండు వారాల లోపల ఆపరేషను చేస్తేనే లాభం ఎక్కువ. ఆ తరువాత వారం వారానికీ తగ్గిపోతుంది. ఆడవాళ్ళలో ఈ తగ్గడం మగవాళ్ళకన్న వేగంగా ఉంది. అంటే ఆలస్యమైతే ఎక్కువ నష్టపోయేది మనమే. కాని ఇంట్లో అందరి భోజనాలూ అయ్యాక తన ఒంటి సంగతి చూసుకునేది కూడా మనమే. ఈ రెండు వాక్యాల్నీ పక్కపక్కన పెట్టుకుని ఒక్కసారి ఆలోచించండి.

ఆపరేషను పేరు కెరోటిడ్ ఎండార్టెరెక్టమీ. నోరు తిరగని పేరే గాని పని అర్థం చేసుకోవచ్చు. చెవి కిందినుంచి ఛాతీవైపు ఏటవాలుగా ఒక కండరం దిగుతుంది. తల పక్కకు తిప్పితే అద్దంలో కనిపిస్తుంది. దాని ముందు అంచు వెంబడి కోస్తారు. లోపల ధమని, పక్కనే జుగులర్ అనే పెద్ద సిర, వాటి మధ్య గుండెకూ కడుపుకూ కబుర్లు మోసే వేగస్ నాడి - మూడూ ఒకే ఒరలో చుట్టి ఉంటాయి. నాలుకను కదిలించే నాడి కూడా ఆ పక్కనుంచే అడ్డంగా పోతుంది. వీటన్నిటినీ తప్పించుకుంటూ ధమనిని బయటపెట్టి, నెత్తురు గడ్డకట్టకుండా మందిచ్చి, పైనా కిందా క్లాంపులతో బిగిస్తారు. ధమనిని నిలువుగా చీల్చి, లోపలి పొరతో సహా ఆ పేరుకున్న పదార్థాన్ని ఒలిచి తీసేస్తారు. అవసరమైతే ఆ కాసేపూ మెదడుకు నెత్తురు అందేలా ఒక సన్నటి గొట్టం అమరుస్తారు. తరువాత మాసిక వేసినట్టు ఒక చిన్న ముక్క పెట్టి కుట్టేస్తారు. చాలావరకు గంటన్నర, రెండు గంటల పని. కొందరు పూర్తి మత్తు ఇస్తారు. కొందరు మెడ వరకే మొద్దుబారేలా చేసి, రోగిని మాట్లాడిస్తూ, చేతిని పిడికిలి పట్టిస్తూ చేస్తారు. 2008లో వచ్చిన ఒక పెద్ద పరిశోధనలో రెండు పద్ధతుల ఫలితాల్లోనూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ప్రమాదం లేదని చెప్పను. ఏ పక్షవాతం రాకూడదని ఈ ఆపరేషను చేస్తారో, ఆ పక్షవాతమే ఆపరేషనులో రావచ్చు. గుండెపోటు రావచ్చు. నాడులు నలిగి గొంతు బొంగురుపోవచ్చు, నాలుక ఒకపక్కకు తిరగవచ్చు, నవ్వితే పెదవి మూల కాస్త కిందికి లాగవచ్చు. ఇవి ఎక్కువగా కొన్ని వారాల్లో సర్దుకుంటాయి. చెవితమ్మె దగ్గర మొద్దుబారడం కొంతకాలం ఉంటుంది. కమ్మలు పెట్టుకునేటప్పుడు స్పర్శ తెలియకపోతే కంగారు పడకండి. కాని ఇంటికొచ్చాక విపరీతమైన తలనొప్పి వచ్చినా, మెడ ఉబ్బినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి.

అందుకని ఒప్పుకునే ముందు డాక్టరుగారిని ఈ మూడు ప్రశ్నలూ అడగండి. ధమని నూటికి ఎన్ని వంతులు మూసుకుంది? మాకు లక్షణాలు వచ్చింది ఈ ధమని వల్లేనా? మీ చేతిమీద ఈ ఆపరేషను చేయించుకున్నవాళ్ళలో నూటికి ఎంతమందికి పక్షవాతంగాని, ప్రాణాపాయంగాని జరిగింది? లక్షణాలున్నవాళ్ళలో అది నూటికి 6 దాటకూడదని వైద్యశాస్త్రమే హద్దు పెట్టింది. ఇలా అడిగితే అమర్యాద అనుకోకండి. మంచి డాక్టరు సంతోషంగా చెబుతాడు.

కొయ్యకుండా తొడ దగ్గరి ధమనిలోంచి సన్నటి తీగ పంపి, మెడలో స్టెంటు అనే లోహపు జాలీ గొట్టం పెట్టే పద్ధతీ ఉంది. 2010లో వెలువడిన పెద్ద పరిశోధనలో స్టెంటు పెట్టినవాళ్ళలో ఆ సమయంలో పక్షవాతం కాస్త ఎక్కువగానూ, ఆపరేషను చేసినవాళ్ళలో గుండెపోటు కాస్త ఎక్కువగానూ కనిపించాయి. డెబ్బై దాటినవాళ్ళకు ఆపరేషనే మేలనిపించింది. ఏది ఎవరికన్నది వయసునుబట్టి, గుండె సంగతినిబట్టి ఉంటుంది.

ఇంకో సంగతి. ఇప్పుడు రకరకాల పరీక్షలన్నీ కలిపి ఒక ధరకు చేస్తున్నారు. అందులో మెడ స్కానింగు చేయించుకుని, ఏ లక్షణమూ లేకుండానే ధమని సన్నబడిందని తెలిసి, రాత్రికి రాత్రి ఆపరేషనుకు పరుగెత్తేవాళ్ళున్నారు. లక్షణాలు లేనప్పుడు ప్రమాదం చాలా తక్కువ. ఈనాటి మందులు కూడా బాగా పనిచేస్తాయి. అప్పుడు తొందర పనికిరాదు, ఇంకొక డాక్టరు సలహా తీసుకోవచ్చు. లక్షణం వచ్చినప్పుడు ఆలస్యం చెయ్యకూడదు, రానప్పుడు ఆత్రపడకూడదు. మనం సాధారణంగా ఈ రెంటినీ తిరగేసి చేస్తుంటాం. అదీగాక మన భారతీయుల్లో పాశ్చాత్యులకన్న ఎక్కువగా పుర్రె లోపలి ధమనులే సన్నబడుతుంటాయి. వాటికి మెడ ఆపరేషను పనికిరాదు. ప్రతి పక్షవాతానికీ మెడే కారణం అనుకోకూడదు.

ఆపరేషను అయినా కాకపోయినా ఇంట్లో చేసుకోవలసింది చాలా ఉంది. బాగుచేసింది ఒక్క అంగుళం, రెండంగుళాల ధమనినే. ఒంట్లో తక్కిన ధమనులన్నీ పాతవే. నెత్తురు పలచబడే మాత్ర, కొవ్వు తగ్గించే మాత్ర, రక్తపుపోటు మాత్ర డాక్టరు చెప్పకుండా మానకూడదు. పోటు మామూలుగా ఉందని మాత్ర మానేస్తారు చాలామంది. ఆ మాత్ర వల్లే అది మామూలుగా ఉంది. ఉప్పు రోజుకు మనిషికి 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నలుగురున్న ఇంటికి నెలకు 600 గ్రాములన్నమాట. ఆవకాయ, మాగాయ, అప్పడాలు, వడియాల్లో ఉప్పు కూడా ఈ లెక్కలోదే. మీ ఇంట్లో ఉప్పు పాకెట్టు ఎన్నాళ్ళు వస్తోందో ఈ నెల లెక్క చూడండి. సిగరెట్టు, బీడీ, చుట్ట ఇంట్లో ఎవరికున్నా మాన్పించండి. ఉత్తరాంధ్రలో కొందరు పెద్దావిడలు అడ్డపొగ తాగుతారు, అదీ పొగే.

ఆఖరుగా మెడతో ఆటలు వద్దు. క్షవరమయ్యాక మెడ పట్టుకుని టక్కున విరిపించుకోవడం మన మగవాళ్ళకు సరదా. అరుదుగానే అయినా, అలాంటి కుదుపుకు ధమని లోపలి పొర చిరిగి చిన్న వయసులోనే పక్షవాతం వచ్చినవాళ్ళున్నారు. ఆడవాళ్ళకు కూడా ఒక మాట. బ్యూటీ పార్లర్లో తల కడిగేటప్పుడు మెడను బేసిను అంచుమీద బాగా వెనక్కు వాల్చి ఉంచడంవల్ల మెదడుకు నెత్తురు తగ్గి ఇబ్బంది పడిన అయిదుగురు స్త్రీల గురించి 1993లో అమెరికా వైద్యపత్రికలో రాశారు. ఇదీ అరుదే. మెడ కింద మెత్తటి తువాలు మడత పెట్టించుకుంటే సరిపోతుంది. మెడ తిప్పిన తరువాత ఎన్నడూ లేని మెడనొప్పి వచ్చి, ఒక కనురెప్ప వాలిపోతే మాత్రం ఆలస్యం చెయ్యొద్దు.

మీ ఇంట్లో ఫోను పక్కన, గోడమీద, ఒక కాగితం అంటించండి. మూతి వంకర, చెయ్యి పట్టు తప్పడం, మాట తడబడటం, ఒక కంటికి తెర - ఏది కనిపించినా 108, ఆరోజే ఆస్పత్రి. దానికింద ఇంకొక ముక్క రాయండి. ‘తగ్గిపోయినా సరే.’